తోడేళ్ళు జడుసుకున్న గొంతు

నేను రేడియోకి వార్తలు చదవడానికి వెళ్ళలేదు, బొగ్గు దించడానికి వెళ్ళాను. కిర్గిజ్ కొండల్లోని మా కోక్‌బెల్‌లో ఆ ఏడాది చలి సెప్టెంబరులోనే కొండ దిగి వచ్చేసింది. రేడియో కేంద్రం వెనక గేటుకి తాళం వేసి ఉంది. లారీ డ్రైవరేమో ఇంజను ఆపనన్నాడు, ఆపితే మళ్ళీ అంటుకోదట. నేను గేటు కమ్మీలు పట్టుకుని ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఎవరండీ లోపల? బొగ్గూ!"

లోపల అప్పుడే ఎవరో పెద్దాయన గొర్రెల జబ్బుల మీద ప్రసంగం రికార్డు చేస్తున్నాడట. గోడ దాటి, కిటికీ దాటి, నా బొగ్గు వెళ్ళి ఆయన గాలికుంటు వ్యాధి మధ్యలో పడింది. కాసేపటికి తలుపు తోసుకుని ఒకావిడ బయటికి వచ్చింది. భుజాల మీద శాలువా, ముక్కు మీద ఇంతింత అద్దాలు. ఆవిడే ఎడిటరు సోనున్‌బు.

"అరిచింది ఎవరు?" అంది. నా తల మీదుగా లారీ వైపు చూస్తోంది.

"నేనే, ఎజె," అన్నాను. అక్క వరస కలపకుండా ఆవిడతో మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదని చూడగానే తెలిసిపోయింది.

"నువ్వు కాదయ్యా. ఆ పెద్ద గొంతాయన."

నేను మళ్ళీ ఒకసారి "బొగ్గు" అనాల్సి వచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, శాలువా కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను కింద నుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి ఎక్కువ సేపు పట్టలేదు. నేను మరీ పొట్టి. చెవులు కల్పక్ టోపీకి అటూ ఇటూ పిడుల్లా నిలబడి ఉంటాయి. ముందు పళ్ళ మధ్య సందులో అగ్గిపుల్ల పడుతుంది.

"ఈ గొంతు తీసుకొచ్చి ఈ ఒంట్లో ఎవరు పెట్టారు?" అంది, నన్ను కాదు, ఆకాశాన్ని. తర్వాత నన్ను అడిగింది, "చదువొచ్చా?"

"పశువుల డాక్టరు చదువు కొంత చదివాను, ఎజె. మానేశాను."

"ఏం?"

"ఆవులంటే భయం."

కిర్గిజ్ వాడి నోట ఆ మాట వినడం ఆవిడకి అదే మొదలనుకుంటాను.

"రేపు రా. మొహం కడుక్కుని రా."

"రేడియోకి మొహం ఎందుకు, ఎజె?"

"రేడియోకి కాదు, నాకు."

అలా ఎసెంకుల్ అనే నేను జర్నలిస్టునయ్యాను. మొదట్లో నా పని పెద్దగా ఏమీ లేదు. ఏ సమష్టి క్షేత్రంలో ఎన్ని గొర్రెలకి ఉన్ని కత్తిరించారో, ఏ పాలమ్మాయి ఎక్కువ పాలు పిండిందో, కొండ మీద వాన పడుతుందో లేదో చదవడం. కానీ నా గొంతు పుణ్యమా అని ఉన్ని కూడా యుద్ధ విజయంలా వినిపించేది. జనం నన్ను ఆరడుగుల మనిషిననుకున్నారు. మీసాలున్నాయని కొందరు, యుద్ధంలో పోరాడానని కొందరు చెప్పుకునేవాళ్ళు. నేను కాదని ఎక్కడా అనలేదు. రొట్టెల క్యూలో నిలబడినప్పుడు అవసరం లేకపోయినా గొంతు సవరించుకునేవాణ్ణి. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి, నా తల మీదుగా చూసి, ఎవరూ కనబడక మళ్ళీ ముందుకి తిరిగేవాళ్ళు.

నా భార్య బురుల్చా అప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పని చేసేది. రాజధానికి లైను కలపమని నేను రోజూ అడుగుతుంటే ఆ గొంతు విని నా మీద మనసు పడింది. పార్కులో కలుద్దామంది. నేను పూలు పట్టుకుని వెళ్ళి బెంచీ పక్కన నిలబడ్డాను. ఆ అమ్మాయి నన్ను చూసి, మర్యాదగా నవ్వి, "ఆయన వెనకాల వస్తున్నారా?" అని అడిగింది.

పెళ్ళయ్యాక మా అత్తగారి చుట్టాలు ఎవరడిగినా బురుల్చా ఒకటే చెప్పేది. "అందరూ చెవులు మూసుకుని కాపురం చేస్తారు. నేను కళ్ళు మూసుకుని చేస్తాను."

కొన్నేళ్ళకి దేశం మారిపోయింది. ఒక పొద్దున కాగితం ఇస్తే చదివాను, నిన్నటిదాకా ఉన్న దేశం ఇవాళ లేదని. ఉన్ని చదివిన గొంతుతోనే చదివాను. నాకు ఇంకో గొంతు లేదు మరి. సమష్టి క్షేత్రాలు పోయాయి, గొర్రెల్ని పంచుకున్నారు, కరెంటు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. వార్తాపత్రిక కొండల్లోకి వెళ్ళడం మానేసింది. ఎత్తున శీతాకాలపు విడుదుల్లో ఉండే కాపరులకి బ్యాటరీ రేడియో ఒక్కటే మిగిలింది. అంటే నేనే మిగిలాను. అలా అనుకుని ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కేంద్రానికి ఒక టీవీ కెమెరా వచ్చింది. జిల్లా వార్తలు మా ఊళ్ళోనే తయారు చేయొచ్చన్నారు. కెమెరా ఇంకా పెట్టెలో ఉండగానే నేను అద్దం ముందు నిలబడ్డాను.

సోనున్‌బు ఎజె నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. "వద్దు, ఎసెంకుల్. నా మాట విను."

"ఏం ఎజె, నేను పనికిరానా?"

"నీ గొంతుకి జనం మనసులో ఒక మనిషి ఉన్నాడు. ఎత్తుగా, అందంగా, మీసాలతో. వాణ్ణి బతకనివ్వు."

"వాళ్ళకి నిజం తెలియొద్దా? జర్నలిజమంటే నిజం కాదా?" అన్నాను, అచ్చం బులెటిన్ గొంతుతో.

ఆవిడ నా చెవుల వంక చూసి నిట్టూర్చింది. "సరే. తెలియనీ."

మొదటి ప్రత్యక్ష ప్రసారం కొత్త వంతెన ప్రారంభోత్సవం. మా జిల్లా అధికారి తాటిచెట్టంత మనిషి. ఆయన పక్కన నిలబడితే కెమెరాలో నా టోపీ మాత్రమే పడుతోందని కెమెరామన్ ఆపిళ్ళ పెట్టె ఒకటి తెచ్చి నా కాళ్ళ కింద వేశాడు. టోపీ తీసేశాను, ఎర్ర టై సర్దుకున్నాను. మొదలుపెట్టాను. "ప్రియమైన ప్రేక్షకులారా, మన జిల్లా చరిత్రలో ఈ రోజు..." అనేసరికి పెట్టె అడుగు ఊడింది. నేను తెర మీద నుంచి మాయమయ్యాను.

కానీ నేను వృత్తి తెలిసినవాణ్ణి. గొంతు ఆపలేదు. కాళ్ళు పెట్టెలో ఇరుక్కుని, కింద కూర్చునే వంతెన పొడవూ వెడల్పూ అంతా చెప్పేశాను. తెర మీద జిల్లా అధికారి ఒక్కడే నిలబడి కిందికి చూస్తున్నాడు. ఎక్కడో పాతాళంలోంచి గంభీరమైన గొంతొకటి ఆయన్ని పొగుడుతోంది. ఆ రోజు నుంచి బజారులో నా పేరు 'కింద నుంచి ఎసెంకుల్'.

ఇంటికి వెళ్ళేసరికి మా అత్తగారు టీవీ మీద తువ్వాలు కప్పి కూర్చుంది. "బాగా చెప్పావు నాయనా. బొమ్మ అడ్డం వస్తుంటే కప్పేసి విన్నాను," అంది.

ఎవరైనా అయితే అక్కడితో బుద్ధి తెచ్చుకుంటారు. నేను గట్టి పెట్టె చేయించుకున్నాను. రేడియో గది వైపు వెళ్ళడమే మానేశాను. అక్కడ సాయంత్రం వార్తలు ఒక కొత్త కుర్రాడు చదివేవాడు, పలుచటి గొంతు, ప్రతి మాట చివరా ప్రశ్న అడిగినట్టు తేలిపోయేది. నేను అటు వెళితే టీ కోసమే. రేడియో గదిలో బొగ్గు పొయ్యి ఉండేది, టీవీ గదిలో ఉండేది కాదు.

ఆ మార్చిలో మంచు ఆగకుండా కురిసింది. మా కొత్త సంవత్సరం నూరూజ్ పండక్కి ముందు రోజు. పట్టణంలో ఆడవాళ్ళు వాకిళ్ళలో పెద్ద పెద్ద కాగులు పెట్టుకుని పండగ జావ కాస్తున్నారు. నేను మధ్యాహ్నం టీ కోసం రేడియో గదిలో పొయ్యి పక్కన కూర్చున్నాను. తలుపు ధడాలున తెరుచుకుంది. ఆసుపత్రి మంత్రసాని అనిపా ఒక మనిషిని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. మీసాల మీద మంచు గడ్డకట్టింది. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"వీడు మెదెర్. కాయిందీ లోయ కాపరి," అంది అనిపా, ఊపిరి తీసుకోకుండా. "పెళ్ళానికి నొప్పులొచ్చే వేళ. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, నేను పోయిన నెల చూశాను, కిందికి దిగి రమ్మన్నాను. రాలేదు. వీడు గుర్రమేసుకుని నా కోసం బయల్దేరితే వీడి వెనకాల కొండచరియ మంచంతా దారి మీద కూలింది. ఇప్పుడు వీడు పోలేడు, నేను పోలేను, హెలికాప్టరు మబ్బు తేలితే గానీ రాదు."

"పైన ఎవరున్నారు?" అడిగింది సోనున్‌బు ఎజె.

"మా అమ్మ బాత్మా," అన్నాడు మెదెర్. "జన్మంతా గొర్రెలకి పురుడు పోసింది. మనిషికి ఎప్పుడూ పోయలేదు."

"అదే నా భయం," అంది అనిపా. "గొర్రెపిల్లని లాగినట్టు లాగిందంటే తల్లీ పోతుంది, పిల్లా పోతుంది. మీ దగ్గర పైదాకా వెళ్ళేది ఒకటుంది కదా, దాన్నిప్పుడు నాకివ్వండి. చెప్పాల్సిన మాటలు నా దగ్గరున్నాయి."

సోనున్‌బు ఎజె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ రేడియో ఇంట్లో ఎక్కడుంటుంది? మీ అమ్మ ఏ వేళకి పెడుతుంది?" అని మెదెర్‌ని అడిగింది.

మెదెర్ నీళ్ళు నమిలాడు. "ఇంట్లో ఉండదు, ఎజె. గొర్రెల దొడ్లో ఉంటుంది."

"దొడ్లోనా? ఎందుకు?"

"తోడేళ్ళకి. పొద్దు వాలే వేళ పెడతాం. మనిషి గొంతు వినబడితే దగ్గరికి రావు." నా వైపు తిరిగాడు. అప్పటిదాకా నేనెవరో వాడికి తెలియదు. పొయ్యి పక్కన కూర్చున్న కాపలావాడిననుకున్నాడేమో. "ఆ ఎసెంకుల్ బైకె అని ఒక అన్న ఉండేవాడు, పెద్ద గొంతు. ఆయన వార్తలు చదివినన్నాళ్ళూ మా దొడ్లో ఒక్క గొర్రె పోలేదు. పాటలేస్తే మాత్రం తోడేళ్ళు లెక్కచెయ్యవు. ఇప్పుడున్న కుర్రాడు చదివితే ఇంకా దగ్గరికొస్తాయి."

సోనున్‌బు ఎజె బల్ల పట్టుకుని నవ్వింది. అంత కష్టంలో ఆడమనిషి అంతలా నవ్వడం నేను చూడలేదు. ఇన్నేళ్ళూ కాయిందీ కొండల్లో జనం పొయ్యి చుట్టూ కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నా మాటలు వింటున్నారని అనుకున్నాను. వింటున్నది గొర్రెలు. విని పారిపోతున్నది తోడేళ్ళు.

"ఎసెంకుల్ ఇతనే," అంది ఎజె కళ్ళు తుడుచుకుంటూ.

మెదెర్ నన్ను చూశాడు. "లేదు, ఎజె. ఆయన పెద్ద మనిషి," అన్నాడు.

చిక్కొకటి మిగిలింది. పొద్దు వాలే వేళ ప్రసారానికి జిల్లా అధికారి పండగ సందేశం ఉంది. టేపు పట్టుకుని ఆయన సహాయకుడు పక్క గదిలోనే కూర్చున్నాడు, ఎవరూ మార్చకుండా. ఆ టేపు బదులు ఇంకోటి వెళితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అదే అధికారి నన్ను రాజధాని టీవీకి పంపిస్తానని మాటిచ్చాడు. అందుకని ఆ ఘడియలో నేను చేసిన వీరకార్యం ఏమిటంటే, కిటికీలోంచి బయటికి చూడటం. మబ్బు తేలిపోతుందేమోనని చాలా ఆసక్తిగా చూశాను.

సోనున్‌బు ఎజె పక్క గదిలోకి వెళ్ళింది. "ఏదీ, ఆ టేపు చూడనీ," అంది. వాడు ఇచ్చాడు. ఆవిడ దాన్ని తెచ్చి, పొయ్యి మూత తీసి, నిప్పుల్లో వేసి, మూత పెట్టింది.

"టేపు పాడైపోయిందని చెప్పు," అంది వాడితో.

"ఎజె! మీరే కదా..."

"పాడైందా లేదా? అబద్ధం చెప్పమనటం లేదు నిన్ను." నా వైపు తిరిగింది. "టై విప్పి కూర్చో."

మబ్బు వెనకే సూర్యుడు కొండ మీదికి ఒరిగాడు. ఎర్రదీపం వెలిగింది. వేల సార్లు కూర్చున్న కుర్చీ అది. ఒక ముసలామె కాగడా పట్టుకుని దొడ్లోకి వస్తుంది, రేడియో పెడుతుంది, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోకముందే ఆవిణ్ణి ఆపాలి.

"బాత్మా అపా!" అన్నాను, పెద్దామెని పిలిచే వరసతో. "కాయిందీ లోయలో ఉన్న బాత్మా అపా! మెదెర్ అమ్మా! రేడియోని మాట్లాడుతున్నాను. వెళ్ళిపోకు. నన్ను చేతిలోకి తీసుకుని ఇంట్లోకి తీసుకెళ్ళు. నీ కోడలి దగ్గరికి తీసుకెళ్ళు. నీ కొడుకు క్షేమంగా ఉన్నాడు, ఇక్కడే నా పక్కన ఉన్నాడు."

అదే పదే పదే చెప్పాను. తర్వాత అనిపాని మైకు ముందు కూర్చోబెట్టాం. ఆవిడ జీవితంలో మైకు చూడలేదు. కొండ అవతలికి వినబడాలని అరిచింది. మీటరులో ముల్లు చివరికి పోయి కొట్టుకుంది. వెనక్కి లాగితే పూర్తిగా గుసగుసలోకి దిగిపోయింది.

"ఇలా లాభం లేదు," అన్నాడు మెదెర్. "అమ్మకి చెవులు మందం. ఈ పెద్ద గొంతు ఒక్కటే వినబడుతుంది."

అందువల్ల అనిపా నా చెవిలో చెప్పడం, నేను మైకులో చెప్పడం. మా కోక్‌బెల్ మగవాళ్ళు ఎన్నడూ, ఎవరి ముందూ పలకని మాటలన్నీ నేను ఆ సాయంత్రం జిల్లా అంతటికీ వార్తల గొంతుతో పలికాను. నీళ్ళు మరగబెట్టి చేతులు మోచేతుల దాకా కడుక్కోమన్నాను. కోడల్ని పడుకోబెట్టవద్దు, మోకాళ్ళ మీద, చేతుల మీద వంచి ఉంచమన్నాను. కాళ్ళు ముందొస్తే భయపడవద్దన్నాను. "లాగవద్దు. గొర్రెపిల్ల కాదు. బాత్మా అపా, లాగవద్దు. దానంతటదే రానివ్వు. ఒళ్ళు వచ్చాక వెచ్చటి గుడ్డతో పట్టుకో. లాగవద్దు."

పట్టణంలో పండగ జావ కలుపుతున్న ఆడవాళ్ళు గరిటెలు వదిలేసి కిటికీల దగ్గర మూగారట. టీ దుకాణంలో మగవాళ్ళు నేల చూపులు చూస్తూ కూర్చున్నారట, ఎవడూ ఆపడానికి లేవలేదు. ఎక్స్‌ఛేంజిలో బురుల్చా ముందు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. బడి హెడ్మాస్టరు, మసీదు పెద్ద, జిల్లా కార్యాలయం, అందరికీ రేడియో లైను కావాలి. "లైను చెడిపోయిందండీ," అని అందరికీ చెప్పి తీగలన్నీ పీకేసింది. ఆ తర్వాత ఎవరడిగినా, "మా ఆయన మొదటిసారి పనికొచ్చే మాట చెబుతుంటే మధ్యలో ఎవరో అడ్డం రావడమేంటి?" అనేది.

ట్రాన్స్‌మిటరు ఆపే వేళ దాకా చెబుతూనే ఉన్నాను. ఎర్రదీపం ఆరిపోయింది. రేడియోలో అటు నుంచి జవాబు రాదు. ఇన్నేళ్ళూ అదే నాకు నచ్చింది. నేను మాట్లాడతాను, ఎదుటివాళ్ళు మాట్లాడలేరు. ఆ రోజు మాత్రం ఆ పెట్టెలోంచి ఒక్క దగ్గు, ఒక్క తిట్టు, ఏదైనా వినబడితే బావుండునని దాని ముందే కూర్చుండిపోయాను. మెదెర్ మా ఇంటికి వచ్చి, అన్నం ముట్టకుండా, బూట్లు విప్పకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

పండగ వెళ్ళాక మబ్బు తేలింది. హెలికాప్టరులో అనిపా, మెదెర్, వాళ్ళతోపాటు కెమెరామన్, నేను. అవును, నేనూ ఎక్కాను. జుట్టు దువ్వుకున్నాను, టై కట్టుకున్నాను. ఏడుస్తూ కూర్చున్న మెదెర్ పక్కన కూర్చుని, పుట్టినవాడు మగపిల్లవాడైతే ఎసెంకుల్ అనే పేరు రేడియోలో ఎలా వినిపిస్తుందో లోలోపల పలికి చూసుకున్నాను. మనిషి బుర్ర అలాంటిది. కనీసం నాది అలాంటిది.

దిగేసరికి మెదెర్ ఇంటి గొట్టంలోంచి పొగ వస్తోంది. మెదెర్ పరుగెత్తి మంచులో పడి లేచి మళ్ళీ పరుగెత్తాడు. తలుపులోంచి ముసలామె వచ్చింది, తలకి తెల్లగుడ్డ చుట్టుకుని, చేతిలో గరిటె. కొడుకుని చూసి, "అలికిడి చెయ్యకు, ఇప్పుడే పడుకుంది," అంది. మెదెర్ గుమ్మంలోనే కూర్చుని బూట్లు విప్పాడు.

లోపల మెదెర్ భార్య ఐజారిక్ దిండుకి ఆనుకుని గిన్నెతో మాంసం పులుసు తాగుతోంది. పక్కన గొర్రెపిల్ల తోలులో ఎర్రగా, ముడతలు పడి, కోపంగా ఒక ఆడపిల్ల. అనిపా తల్లినీ పిల్లనీ అణువణువూ చూసి, చివరికి నేల మీద కూర్చుని తన రుమాలులో మొహం దాచుకుంది.

నేను ముందుకి వచ్చాను. "బాత్మా అపా, నేను ఎసెంకుల్‌ని."

ఆవిడ ఇటూ అటూ చూసింది. మళ్ళీ మాట్లాడమంది. మాట్లాడాను. వెంటనే గరిటె ఎత్తింది.

"నువ్వేనా? పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి నేర్పలేదా మీ అమ్మ? పేరు పెట్టి పిలిచావు, ఆఁ అన్నాను. ఇంట్లోకి తీసుకెళ్ళమన్నావు, గొర్రెల్ని ఎవరు చూస్తారురా అన్నాను. పలకవే! నా కొడుకు నీ పక్కనున్నాడంటావు, వాడిచేత ఒక్క మాట చెప్పించరా అంటే పలకవే! లాగొద్దంటావు. లాగకపోతే ఎలా వస్తుందిరా అని ఎన్నిసార్లు అడిగాను నిన్ను? మళ్ళీ అదే, లాగొద్దు. లాగొద్దు. చెవుడా నీకు?"

"మరి ఏం చేశావు, అపా?"

"ఏం చేస్తాను? నా చేతులు ఊరుకోవు. అందుకని వాటి మీద కూర్చున్నాను."

ఐజారిక్ పులుసు గిన్నె పక్కన పెట్టి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "నిజం, బైకె. చేతుల మీద కూర్చుని మిమ్మల్ని తిడుతూనే ఉన్నారు. ఆ తిట్లు వింటూ నేను భయపడటం మర్చిపోయాను."

"నువ్వు ఇంట్లో కూర్చున్నావు కదా, దొడ్లోకి తోడేలొచ్చి మంచి గొర్రెని ఎత్తుకుపోయింది," అంది బాత్మా ఇంకా కోపం దిగక.

పిల్లకి అనిపా అని పేరు పెట్టామని చెప్పారు. చాలా మంచి పేరు అన్నాను. ఇంతలో బయట ఎవరో "ఎసెంకుల్! ఒరేయ్ ఎసెంకుల్!" అని పిలిచారు. నేను వెంటనే బయటికి వెళ్ళాను. దూడంత నల్లకుక్క ఒకటి నన్ను దాటుకుని మెదెర్ దగ్గరికి ఉరికింది. దాని గొంతు నిజంగా గొప్పగా ఉంది, గుండెల్లోంచి వస్తుంది.

మెదెర్ సిగ్గుపడ్డాడు. "ఏమనుకోకు, బైకె. నువ్వు టీవీకి వెళ్ళిపోయావు. దొడ్డి కాయడానికి ఇంకెవరో ఒకరు ఉండాలి కదా."

కెమెరామన్ అది కూడా తీశాడు. ఆ టేపు ఎక్కడుందో అడిగితే ఇప్పటికీ చెప్పడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. జిల్లా అధికారి సోనున్‌బు ఎజెని పింఛను మీద ఇంటికి పంపించాడు. నన్ను తెర మీద కనబడకూడదన్నాడు. అధికారుల ఆజ్ఞల్లో మా ఊరి జనమంతా మెచ్చుకున్నది అదొక్కటే. నేను ఎజె ఇంటికి వెళ్ళి, "నా వల్ల కాకపోయినా నేనూ ఉన్నాను కదా, ఎజె," అని ఏదో గొణిగాను.

"నువ్వు కిటికీలోంచి చూశావు, అది నేను చూశాను," అంది ఆవిడ ఆపిలు కొమ్మలు కత్తిరిస్తూ. "అయినా పిలవగానే వచ్చి కూర్చున్నావు. అది చాల్లే. ఆ నిచ్చెన పట్టుకో."

నేను మళ్ళీ రేడియోకి, పొద్దు వాలే వేళ బులెటిన్‌కి వచ్చాను. ఆ తర్వాత ఎన్నడూ ఆ కుర్చీ వదల్లేదు. అధికారులు మారారు, మా కేంద్రం ప్రజల సంస్థ అయిందన్నారు, బోర్డు మార్చారు, పొయ్యి తీసేసి హీటరు పెట్టారు. వార్తల చివర కొండల్లోని వాళ్ళకి కబుర్లు చదివేవాణ్ణి, ఎవరికి మనవడు పుట్టాడో, ఎవరి గుర్రం ఎవరి దొడ్లో దొరికిందో. పిలిచేటప్పుడు పేరు పక్కన వరస కలపడం మాత్రం మానలేదు. పిలిచాక కాసేపు ఆగేవాణ్ణి, అటువైపు ఆఁ అనడానికి వ్యవధి ఉండాలి కదా. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు అది నా మతిమరుపనుకున్నారు.

సోనున్‌బు ఎజె పోయిన రోజున ఆ వార్త నేనే చదివాను. ఇంకెవరైనా చదువుతామన్నారు, ఇవ్వలేదు. గొంతు వణికితే ఆవిడకి నచ్చదు. ఉన్ని లెక్కలు చదివినట్టు చదివేశాను. తర్వాత బయటికెళ్ళి వెనక గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు నేనూ పింఛను మనిషినే. ఇంట్లో బురుల్చా నన్ను ఎక్కువ సేపు మాట్లాడనివ్వదు, కిటికీ అద్దాలు అదురుతాయంటుంది. అందుకని ఆదివారం పొద్దున పశువుల సంతకి వెళతాను. అక్కడ కర్ర మీద ఒక లౌడ్‌స్పీకరు, రేకుల గదిలో ఒక మైకు. తప్పిపోయిన పిల్లల పేర్లు, దొరికిన తాళాలు, కుర్దున్ నుంచి వచ్చిన లారీ ఎప్పుడు బయల్దేరుతుందో, అన్నీ చెబుతాను. పోయిన వారం ఎవడో తెల్లకారు తెచ్చి గడ్డి గేటుకి అడ్డంగా పెట్టాడు.

"తెల్లకారు తమ్ముడూ," అన్నాను. కాసేపు ఆగాను. "దయచేసి నీ కారు తియ్యి."

గొర్రెల మధ్య నుంచి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి కారు తీసేశాడు. ముప్పై ఏళ్ళకి పైగా దేశంలో ఎన్నో జరగాలని చదివాను, వంతెనలు కట్టాలని, రోడ్లు వెయ్యాలని, లంచాలు ఆగాలని. నా మాట విని ఎవడైనా ఇంత త్వరగా కదలడం అదే మొదటిసారి. సంతోషం పట్టలేక ఇంకోసారి చెప్పాను. పక్కన నీలికారు వాడు కూడా తీసేశాడు.